కారు పెయింటుకు ఏ పాలిషర్: గేరుదా, స్వేచ్ఛగా తిరిగేదా?

విశాఖపట్నంలో ఉప్పుగాలికి తోడు పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి దుమ్ము కారుపై పేరుకుంటుంది కనుక, పాలిషర్ (పెయింటును మెరిపించే మోటారు యంత్రం) ఏదైనా సరే, ముందుగా షాంపూతో కడిగి, అంటుకున్న మురికిని లాగేసే మట్టి ముద్ద అయిన క్లే బార్‌తో రుద్దిన తరువాతే ప్యాడ్ (యంత్రానికి తగిలించే మెత్తటి బిళ్ల) ఆనించాలి.

రెండు రకాల్లోనూ ప్యాడ్ తన చుట్టూ తాను తిరుగుతూనే చిన్న వలయంలో ఊగుతుంది. గేరు రకంలో ఆ భ్రమణాన్ని మోటారే గేర్ల ద్వారా నడుపుతుంది; స్వేచ్ఛగా తిరిగే రకంలో మోటారు దాన్ని నేరుగా నడపదు. అందువల్ల గట్టిగా నొక్కినా, డోరు వంపుల మీద ఒక అంచే ఆనినా ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతుంది. ప్యాడ్ అంటించే బ్యాకింగ్ ప్లేటు అంచున మార్కరుతో గీత గీసి పెట్టుకుంటే ఈ సంగతి వెంటనే తెలుస్తుంది: గీత ఒకేచోట నిలిచి కనిపిస్తే కోత (పెయింటును అరగదీయడం) దాదాపు ఆగినట్లే.

ఫ్లెక్స్ ఎక్స్‌సీ 3401 వంటి గేరు యంత్రం నొక్కినా తిప్పుతూనే ఉంటుంది కనుక మొండి గీతలు త్వరగా పోతాయి. అయితే కుదుపు ఎక్కువ, నొక్కినకొద్దీ వేడి పెరుగుతుంది, అంచుల వద్ద క్లియర్ కోట్ (రంగుపై ఉండే పారదర్శక పూత) పలుచబడే ప్రమాదమూ ఉంది. సొంత కారుపై తేలికపాటి గీతలు తీసుకునేవారికి 15 మి.మీ. ఊపు (ప్యాడ్ ఊగే వలయం వ్యాసం) గల స్వేచ్ఛా రకమే చాలునని, గేరుది రోజూ ఇదే పని చేసేవారికి వదిలేయవచ్చునని నా అభిప్రాయం.

ఏది కొన్నా, ఎండలో నిలిపిన కారును నీడకు తెచ్చి, రేకు చల్లబడ్డాక, డిక్కీ మూతపై అడుగు చదరంలో ముందుగా పరీక్షించి చూడాలి.