రక్షణానందం తగ్గినప్పుడు: లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి పరిష్కారం

“ప్రార్థన చేస్తున్నాను, వాక్యం చదువుతున్నాను, ఆదివారం ఆరాధనకు తప్పడం లేదు. సంతోషం మాత్రం లేదు.” ఈ మాట బయటపెట్టిన విశ్వాసికి సాధారణంగా దొరికే సలహా ఒకటే: ఇంకా ఎక్కువ ప్రార్థించండి. ఏ జబ్బుకైనా ఒకే మాత్ర ఇచ్చే వైద్యుడి దగ్గరకు మనం రెండోసారి వెళ్లం. ఆత్మ విషయంలో మాత్రం ఏళ్ల తరబడి అదే మాత్ర మింగుతూ, తగ్గకపోతే లోపం మన విశ్వాసానిదేనని తేల్చుకుంటాం.

బైబిలు అలా చేయదు. “నీ రక్షణానందము నాకు మరల పుట్టించుము” అని, అంటే దేవుడు రక్షించాడన్న సంతోషాన్ని తిరిగి ఇమ్మని, దావీదు అడిగాడు (కీర్తన 51:12). ఆయన ఆనందం పోవడానికి కారణం పాపం. ప్రవక్త ఏలీయా కుంగిపోయింది అలసటతో, కీర్తనలు రాసిన ఆసాపు అసూయతో, మార్త పనిభారంతో. ఆ నలుగురికీ అందిన చికిత్స నాలుగు రకాలు. కాబట్టి ఈ కింది లక్షణాల్లో మీది ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్లండి. అన్నీ ఒకేసారి మీకే వర్తిస్తున్నట్టు అనిపిస్తే మాత్రం చివరి లక్షణంతో మొదలుపెట్టండి.

అసలు ఇది సమస్యేనా?

ఆప్తులను పోగొట్టుకుని ఏడుస్తున్నవారిలో చెడిపోయినది ఏదీ లేదు, బాగు చేయవలసినదీ లేదు. చనిపోయిన స్నేహితుడు లాజరును కాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు కన్నీళ్లు విడిచాడు. “ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి” అని బంధకాల్లో ఉండి ఫిలిప్పీయులకు రాసిన పౌలు, అదే పత్రికలో తన జతపనివాడు ఎపఫ్రొదితు చనిపోయి ఉంటే తనకు దుఃఖం మీద దుఃఖం కలిగేదని ఒప్పుకున్నాడు (2:27), మరోచోట ఏడుస్తూ చెబుతున్నానన్నాడు (3:18). నాలుగు అధ్యాయాల ఉత్తరంలో ఆనందమూ కన్నీళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. సమాధి కార్యక్రమంలో “ఏడవకూడదు, స్తుతించాలి” అని గదమాయించే పెద్దలను చూస్తే నాకు కోపం వస్తుంది. దుఃఖంలో ఉన్నవారు ఈ వ్యాసం పక్కన పెట్టి, పక్కన కూర్చునే మనిషిని పిలుచుకోండి.

లక్షణం: అన్నీ చేస్తున్నాను, లోపల ఏమీ అనిపించడం లేదు. చిన్న మాటకే కళ్లలో నీళ్లు, లేకపోతే చిరాకు.

ముందు అనుమానించవలసింది శరీరాన్ని. విశ్వాసులు చివరగా అనుమానించేది కూడా దాన్నే.

ఏలీయా కథ 1 రాజులు 18, 19 అధ్యాయాల్లో ఉంది. కర్మెలు కొండ మీద అగ్ని దిగిన గొప్ప దినం తర్వాత, రాణి యెజెబెలు బెదిరింపు విని ప్రాణం కోసం పారిపోయాడు. అరణ్యంలో ఒక దినం నడిచి, బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నాడు. ఇప్పుడు వరుస గమనించండి. దేవదూత ప్రసంగం చేయలేదు. విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, తినమన్నాడు. “ఇక్కడ నీవేమి చేస్తున్నావు?” అన్న ప్రశ్న వచ్చింది నలభై దినాల తర్వాత, హోరేబు కొండ మీద. ఆకలితో నిద్ర లేకుండా ఉన్న మనిషిని దేవుడు ప్రశ్నించలేదు.

అందుచేత, ఆత్మీయ పరిశీలనకు కూర్చునే ముందు రెండు వారాలు ఈ మూడు పనులు చేయండి. రాత్రి ఒకే వేళకు పడుకోండి. దానికోసం తెల్లవారుజాము ప్రార్థనను గంట వెనక్కి జరపవలసి వస్తే జరపండి; “తన ప్రియులు నిద్రించుచుండగా ఆయన వారికిచ్చుచున్నాడు” అని 127వ కీర్తన. వారంలో ఒక పూట ఏ పనీ పెట్టుకోకండి, సంఘం పని కూడా. విశ్రాంతి దినపు ఆజ్ఞలో దాసులతో పాటు పశువుల పేరు కూడా ఉంది. ఎద్దుకు దొరికిన విశ్రాంతి మీకు దొరకకపోతే ఆజ్ఞను ఎక్కడో తప్పు చదివాం. ఇక మూడోది, ఒంటరిగా మోస్తున్న బాధ్యతలో సగం ఎవరికైనా అప్పగించండి. ఏలీయా “నేనొక్కడినే మిగిలాను” అని రెండుసార్లు అన్నాడు. జవాబుగా ఏడు వేలమంది ఉన్నారన్న కబురు, ఎలీషా అనే మనిషి దొరికారు.

నాకు ఒక ఏడాది ఇలాగే గడిచింది. ఆదివారం పిల్లలకు పాఠం చెబుతూ, పాటలు నేర్పుతూ, ఇంటికి రాగానే తలుపు వేసుకునేవాడిని. విశ్వాసం పోయిందనుకున్నాను. పోయింది నిద్ర.

లక్షణం: సేవ జోరుగా సాగుతోంది, కానీ పని చేయని వాళ్లను చూస్తే ఒళ్లు మండుతోంది.

దీన్ని అలసటతో కలపకండి. అలసిన మనిషికి పడుకోవాలని ఉంటుంది. ఈ మనిషికి లెక్కలు తేల్చుకోవాలని ఉంటుంది. కుర్చీలు వేసేది నేను, ఊడ్చేది నేను, సాక్ష్యం చెప్పి చప్పట్లు కొట్టించుకునేది వాళ్లు.

కారణం: సేవ కూలీగా మారింది. యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథలో పెద్ద కొడుకు మాట చూడండి: “ఇదిగో యిన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే.” తండ్రి ఇంట్లోనే ఉన్నాడు, ఒక్క రోజూ బయటికి వెళ్లలేదు, అయినా తమ్ముడు తిరిగొచ్చిన విందు పాటలు వినిపించగానే గుమ్మం బయట ఆగిపోయాడు. చిన్నవాడు దూరదేశంలో పోగొట్టుకున్న ఆనందాన్ని పెద్దవాడు పొలంలో పోగొట్టుకున్నాడు. తండ్రి అతణ్ణి ఇంకా కష్టపడమనలేదు, కష్టం తగ్గించుకోమని కూడా అనలేదు. “కుమారుడా, నీవెల్లప్పుడును నాతోకూడ ఉన్నావు, నావన్నియు నీవి” అన్నాడు. కూలి అడుగుతున్నవాడికి వాటా గుర్తు చేశాడు.

యేసుకు వంట చేస్తూ, చెల్లెలు సాయపడటం లేదని ఫిర్యాదు చేసిన మార్తకూ దాదాపు ఇదే మాట. ఆమె వంటను యేసు తప్పుపట్టలేదు. అనేక పనుల గురించి విచారం కలిగి తొందరపడుతున్నావన్నాడు. విచారం పనిలో కాదు, తోడురాని చెల్లెలి మీద పడిన చూపులో ఉంది.

పరిష్కారం కాస్త చేదు. ఒక నెలపాటు ఎవరికీ కనిపించని పని ఒకటి ఎంచుకుని, ఎవరికీ చెప్పకుండా చేయండి. చెప్పకుండా ఉండలేకపోతే రోగ నిర్ధారణ అయిపోయినట్టే. మెప్పు బాగా దొరుకుతున్నవారికి ఇంకో పరీక్ష ఉంది. దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని డెబ్బైమంది శిష్యులు సంతోషంతో తిరిగి వచ్చినప్పుడు, అందుకు సంతోషించకండి, మీ పేర్లు పరలోకంలో రాయబడి ఉన్నాయని సంతోషించండి అన్నాడు యేసు (లూకా 10:20). సేవ బాగా నడిచినప్పుడు వచ్చిన సంతోషం, సేవ ఆగినప్పుడు పోతుంది. పదవీ విరమణ చేసిన కాపరులను, గొంతు పోయిన గాయకులను అడగండి.

లక్షణం: ఇతరుల సాక్ష్యం వింటే సంతోషం బదులు కడుపులో మంట.

వాళ్లకు పెళ్లి కుదిరింది, పిల్లలు పుట్టారు, ఇల్లు కట్టారు, “దేవునికే మహిమ” అన్నారు. మనం “ఆమేన్” అన్నాం. ఇంటికి వచ్చాక రెండు రోజులు ప్రార్థన రాలేదు.

ఆసాపు సిగ్గుపడకుండా ఈ కారణాన్ని 73వ కీర్తనలో రాసుకున్నాడు. పాదాలు జారడానికి కొంచెమే తప్పిందన్నాడు. దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లి భక్తిహీనుల అంతం గురించి ఆలోచించేదాకా తనకు సంగతి బోధపడలేదన్నాడు (17వ వచనం). ఆయన చూసింది వాళ్ల భోగం. మనం ఎక్కువగా చూసేది తోటి విశ్వాసుల ఎంచి పెట్టిన ఫోటోలు. అసూయ పని చేసే తీరు ఒక్కటే.

“సంతోషించు వారితో సంతోషించుడి, ఏడ్చువారితో ఏడువుడి” అన్న పౌలు మాటపై మాట్లాడుతూ, ఏడ్చేవారితో ఏడవడం కంటే సంతోషించేవారితో సంతోషించడానికే గొప్ప మనసు కావాలన్నాడు ప్రాచీన బోధకుడు యోహాను క్రిసోస్తొమ్. జాలికి పైచేయి ఉంటుంది, ఇక్కడ అది ఉండదు. కాబట్టి దీన్ని సాధనగానే చేయాలి: మీకు మంట పుట్టించిన ఆ మనిషి పేరు పెట్టి, ఆ మేలు కోసమే దేవునికి కృతజ్ఞత చెప్పండి. మొదటి వారం అబద్ధంలా అనిపిస్తుంది. కొనసాగించండి. ఈలోగా ఆ ఫోటోలు చూడటం మానండి, దానికి ఉపవాసమని పేరు పెట్టనక్కరలేదు.

లక్షణం: ప్రార్థనకు కూర్చుంటే ఎప్పుడు లేద్దామా అనిపిస్తుంది. సంఘం మారితే బాగుంటుందేమో అనిపిస్తుంది.

ఇది పాత జబ్బు. 4వ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో జీవించిన ఇవాగ్రియస్ అనే సన్యాసి దీని లక్షణాలు ఎంత బాగా రాశాడంటే, చదువుతుంటే నవ్వు వస్తుంది. సూర్యుడు కదలడం లేదనిపిస్తుంది, పగలు యాభై గంటలుందనిపిస్తుంది, మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, ఇక్కడి సహోదరుల్లో ప్రేమ లేదనిపిస్తుంది, ఇంకోచోట అన్నీ సులువుగా దొరుకుతాయనిపిస్తుంది. దీన్ని వాళ్లు మధ్యాహ్నపు దయ్యం అన్నారు. మన కిటికీ చేతిలోనే వెలుగుతూ ఉంటుంది, అంతే తేడా.

వాళ్లు కనుగొన్న మందు: గది వదలకు. గంట ప్రార్థించలేకపోతే పది నిమిషాలు పెట్టుకోండి, కానీ ఆ పది నిమిషాలు నిండేదాకా లేవకండి. మాటలు రాకపోతే ఒక కీర్తన పైకి చదవండి. తర్వాత చేతులతో చేసే పని ఏదైనా చేయండి. ఆ సన్యాసులు ప్రార్థనల మధ్య బుట్టలు అల్లేవారు. 16వ శతాబ్దంలో ఇగ్నేషియస్ లొయోలా దీనికి ఇంకో జాగ్రత్త చేర్చాడు: మనసు ఎండిపోయి ఉన్న కాలంలో, అంతకుముందు తీసుకున్న నిర్ణయాలను మార్చవద్దు. సంఘం మారవలసిన కారణం నిజంగా ఉంటే, మనసు తేటపడ్డాక కూడా ఉంటుంది.

లక్షణం: పాట నోటికి రాదు, ఒకరి ముఖం తప్పించుకుని తిరుగుతున్నాను.

దాచినది ఏదో ఉంది. ఏమిటో మీకు తెలుసు. మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయని 32వ కీర్తనలో దావీదు రాశాడు. దేవునితో ఒప్పుకోండి, నష్టపోయిన మనిషి ఉంటే తిరిగి ఇచ్చేయండి. పన్ను వసూలుదారు జక్కయ్య యేసును సంతోషంతో చేర్చుకున్న రోజే, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు. ఒకసారి నిజంగా ఒప్పుకుని సరిచేసిన దాన్నే మళ్లీ మళ్లీ ఒప్పుకుంటున్నవారికి మాత్రం కావలసింది ఇంకో ఒప్పుకోలు కాదు; నమ్మకమైన ఒక పెద్దమనిషి ఎదురుగా కూర్చుని “క్షమాపణ దొరికింది” అని 1 యోహాను 1:9 చదివి వినిపించడం.

లక్షణం: రెండు వారాలకు పైగా ప్రతిరోజూ చీకటి. నిద్ర, ఆకలి, దేనిమీదా ఆసక్తి లేవు. బతకడం అనవసరం అనిపిస్తోంది.

ఇది జబ్బు కావచ్చు. వైద్యుడిని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే ఈ రోజే కలవండి, ఒంటరిగా ఉండకండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. మందు వాడటం అవిశ్వాసం కాదు; సువార్త రాసిన లూకా వైద్యుడే. 19వ శతాబ్దపు ప్రసిద్ధ బోధకుడు చార్లెస్ స్పర్జన్ జీవితమంతా తీవ్రమైన కుంగుబాటుతో బాధపడ్డాడు. 1856లో, ఆయనకు 22 ఏళ్ల వయసులో, ఆయన బోధిస్తున్న సభలో ఎవరో “అగ్ని” అని కేక వేయగా జరిగిన తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆ గాయం ఆయనను చాలాకాలం వదల్లేదు. ఆ సంగతి వేదిక మీదే చెప్పుకున్నాడు. 88వ కీర్తన చీకటి అన్న మాటతో ముగుస్తుంది, చివర్లో స్తుతి లేదు. దాన్ని బైబిల్లో ఉంచినవారు తీసేయలేదు, మీరు కూడా మీ చీకటికి తొందరపడి స్తుతి అతికించనక్కరలేదు.

తిరిగి వచ్చినదాన్ని నిలుపుకోవడం

“నేనే స్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను” అన్నాడు పౌలు. నేర్చుకున్నాడు. పుట్టుకతో రాలేదు, మారిన రోజునా రాలేదు.

అనాథాశ్రమాలు నడిపిన జార్జ్ ముల్లర్, రోజులో తన మొదటి పని తన ఆత్మ ప్రభువులో సంతోషంగా ఉండేలా చూసుకోవడమేనని 1841లో రాసుకున్నాడు. అంతకుముందు లేవగానే ప్రార్థనకు కూర్చుంటే మనసు చాలాసేపు తిరుగుతూ ఉండేదట. వరుస మార్చి, ముందు వాక్యం ధ్యానించడం మొదలుపెట్టాక ప్రార్థన దానంతట అదే వచ్చిందట. మీకు ప్రార్థన మొరాయిస్తుంటే ఈ చిన్న మార్పు చేసి చూడండి, ఖర్చు లేదు.

కృతజ్ఞత గురించి ఒక్క మాట. “ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి” అన్నాడు పౌలు, ఆ వచనంలో ప్రతి విషయం కోసం అనలేదు. జబ్బు కోసం స్తుతించమని రోగిని బలవంతపెట్టకండి. జబ్బులో ఉండగా వచ్చి పలకరించిన మనిషి కోసం స్తుతించవచ్చు. గ్రీకులో సంతోషం, కృప, కృతజ్ఞత అనే మూడు మాటలూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి: ఖారా, ఖారిస్, యూఖరిస్తియా. పడుకునే ముందు ఆ రోజు మీరు సంపాదించనిది, ఊరికే దొరికినది ఒకటి పేరు పెట్టి చెప్పుకోండి. “అన్నిటికీ వందనాలు” అనడం లెక్కలోకి రాదు.

“యెహోవాయందు ఆనందించుటవలన మీరు బలమొందుదురు” అన్న నెహెమ్యా వచనం చాలా గోడల మీద ఉంటుంది. దానికి ముందున్న సగం ఏ గోడ మీదా కనిపించదు: వెళ్లి తినండి, తాగండి, ఏమీ సిద్ధం చేసుకోనివారికి వంతులు పంపండి (8:10). ఆ సగం చేసి చూడండి.

నాది తిరిగి వచ్చిన సంగతి నాకు తెలియలేదు. ఒక సాయంత్రం గిన్నెలు కడుగుతుంటే మా అబ్బాయి పక్క గదిలోంచి, “నాన్నా, కాస్త మెల్లగా పాడు, చదువుకుంటున్నాను” అన్నాడు.