షట్టర్ కింద సందు: వంకర గచ్చుదా, షట్టర్‌దా?

కారు షెడ్డుకు రోలింగ్ షట్టర్ పెట్టించాక గుంటూరు ఇళ్లలో తరచుగా వినిపించే మాట ఇది: షట్టర్ పూర్తిగా దించినా ఒక మూల రెండు వేళ్లు దూరేంత సందు. అందులోంచి వాన నీళ్లు, దుమ్ము, ఎలుకలు. వెంటనే సందు మూసే రబ్బరు పట్టీ కొనకండి. ముందు కొలవండి.

సందు ఒక పక్కనే ఉందా?
మేస్త్రీ నీళ్ల లెవెల్ పైపుతో రెండు గైడ్ల (షట్టర్ జారే పక్క పట్టాల) మీదా ఒకే ఎత్తులో గీత పెట్టించండి. గీత నుంచి షట్టర్ అడుగు పట్టీకి రెండు పక్కలా దూరం తేడాగా వస్తే షట్టరే ఒరిగింది. అది షట్టర్ మెకానిక్ పని. స్ప్రింగు బిగువు మీద ఉంటుంది, మీరు విప్పబోకండి. గీత నుంచి నేలకు దూరం తేడాగా ఉంటే లోపం గచ్చుదే.

రెండు చివరలూ ఆని, మధ్యలో సందా?
నేల మీద తిన్నని అల్యూమినియం పైపు ఆనించండి. పైపు కింద ఖాళీ ఉంటే గచ్చు కుంగింది, లేకపోతే అడుగు పట్టీ వంగింది.

ఎండాకాలం పెరిగి, వానల్లో తగ్గుతోందా?
ఇదే అసలు చిక్కు. మన చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని పగుళ్లిస్తుంది. ఆ మట్టిని తీసి గ్రావెల్ దిమ్మిస కొట్టకుండా పైనే గచ్చు పోస్తే, మట్టితో పాటు గచ్చూ కదులుతుంది. మే నెలలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి సందు కొలిచి గోడ మీద రాసుకోండి. తేడా కనిపిస్తే సిమెంటు పూత దండగ, మళ్లీ పగులుతుంది. షట్టర్ అడుగున వంగే రబ్బరు పట్టీ వేయించి, డాబా నీళ్ల గొట్టాన్ని షెడ్డు అంచు నుంచి దూరంగా మళ్లించండి. శాశ్వతంగా పోవాలంటే గచ్చు పగలగొట్టి మట్టి మార్చాల్సిందే. ఖర్చు గట్టిగానే అవుతుంది.

నేల కదలకపోతే పని తేలిక. అర అంగుళం లోపు సందుకు పట్టీకి బోల్టులతో బిగించే రబ్బరు చాలు. అంతకు మించితే పల్లంలో గచ్చు ఎత్తు పెంచాలి. పాత గచ్చు మీద పల్చగా పూసిన సిమెంటు పెచ్చులుగా లేచిపోతుంది. పల్లం ఉన్నంత మేరా చిప్పింగ్ చేయించి (ఉలితో గరుకుగా చెక్కించి), దుమ్మూ ఆయిల్ మరకలూ కడిగి, పాత గచ్చుకు కొత్తది అతుక్కునేలా చేసే బాండింగ్ లిక్విడ్ కొట్టాకే మాలు వేయించండి. వాటం రోడ్డు వైపే ఉండాలి. వారం రోజులు తడపండి, అప్పటిదాకా కారు ఎక్కించొద్దు.

ఎలుకలు రబ్బరును కొరికేస్తాయి, బయటి వైపు జీఐ (జింకు పూత ఇనుప) రేకు పట్టీ కూడా కొట్టించండి. పందికొక్కులైతే గచ్చు కిందనుంచే తవ్వుకొస్తాయి, అప్పుడు అంచు వెంట లోతుగా కాంక్రీటు పోయాలి.

రోడ్డు మీద నీళ్లు నిలిచే వీధైతే ఏ రబ్బరూ ఆపదు. షట్టర్ ముందు జాలీ మూతతో చిన్న కాలువ తీసి, మురుగు కాలువకు కలపండి.

పనయ్యాక రాత్రి లోపల లైటేసి బయటనుంచి చూడండి. ఇంకా వెలుగు కనిపిస్తే ముందు రెండు గైడ్ల అడుగునా వెతకండి, మెకానిక్కులు ఎక్కువగా వదిలేసేది అక్కడే.