హీత్రో దగ్గర ఇల్లు చూస్తున్నారా? ముందు మధ్యాహ్నం మూడింటి లెక్క తెలుసుకోండి

లండన్ హీత్రో ఎయిర్‌పోర్ట్ చుట్టుపక్కల, అంటే హౌన్‌స్లో, ఐల్‌వర్త్, ఆస్టర్లీ వైపు ఇల్లు చూస్తుంటే ఒకే ఇంటిని రెండుసార్లు చూడండి. ఒకసారి మధ్యాహ్నం మూడు లోపు, ఇంకోసారి మూడు దాటాక. ఏజెంట్ విసుక్కున్నా సరే. పొద్దున పదకొండింటికి ప్రశాంతంగా కనిపించిన ఇంటి మీదుగానే సాయంత్రం నాలుగింటికి దాదాపు తొంభై సెకన్లకొక విమానం దిగుతుండొచ్చు.

హీత్రోకు రెండు రన్‌వేలు ఉన్నాయి, ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి. ఇక్కడ పడమటి గాలి ఎక్కువ కాబట్టి ఏడాదిలో దాదాపు 70 శాతం కాలం విమానాలు లండన్ మీదుగా తూర్పు నుంచి వచ్చి దిగుతాయి. అలాంటప్పుడు ఒక రన్‌వే దిగడానికి, ఇంకోటి ఎగరడానికి. మధ్యాహ్నం మూడింటికి రెండూ పనులు మార్చుకుంటాయి. వారం మారితే వరస తిరగబడుతుంది: ఈ వారం పొద్దున మోత భరించినవాళ్లకు వచ్చే వారం సాయంత్రం మోత. ఈ షెడ్యూల్ హీత్రో వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

నేను నైట్ డ్యూటీలు చేసే నర్సును. పగలే నా నిద్ర. అందుకే రోటా (డ్యూటీల పట్టిక) అడిగే ముందు ఆ కాగితం చూస్తాను. మూడింటి దాకా మా వైపు ఖాళీగా ఉండే వారాల్లో నైట్‌లు అడుగుతాను. ఇంత మోత మధ్య కూడా ఇక్కడ బతకగలుగుతున్నామంటే ఆ సగం రోజు విరామం వల్లే. దాన్ని కాపాడుకోవడం అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం.

ఆస్టర్లీ, క్యూ ఉత్తరపు రన్‌వేకి దిగే విమానాల లైనుకు దగ్గర. హాటన్ క్రాస్, హౌన్‌స్లో రైల్వే స్టేషన్, రిచ్‌మండ్ దక్షిణపు లైనుకు దగ్గర. మేముండేది రైల్వే స్టేషన్ పక్కన. అక్కడికి వచ్చేసరికి విమానం తొమ్మిది వందల అడుగుల ఎత్తులో ఉంటుంది, దించిన చక్రాలు స్పష్టంగా కనిపిస్తాయి. మోత తగ్గిందనుకున్న కొన్ని సెకన్లకు గాలిలో కొరడా ఝళిపించినట్టు ఇంకో శబ్దం వస్తుంది. అది రెక్కల వెనక మిగిలిన సుడిగాలి. రన్‌వేకి బాగా దగ్గరున్న ఇళ్ల పెంకుల్ని లేపేసేంత బలం దానికుంది. ఆ పైకప్పుల కోసం హీత్రో ఒక స్కీమే నడుపుతోంది. ఇల్లు చూసేటప్పుడు పెంకులు ఎప్పుడు మార్చారో అడగండి.

తూర్పు గాలి వీచే రోజుల్లో ఈ షెడ్యూల్ పనిచేయదు. ఉత్తరపు రన్‌వేకి తూర్పు కొసన ఉన్న క్రాన్‌ఫర్డ్ మీదుగా టేకాఫ్‌లు వద్దని 1952లో కుదిరిన ఒప్పందమే దానికి కారణం. దాన్ని ఎత్తేస్తామని 2009లో ప్రభుత్వం ప్రకటించినా, ఉత్తరపు రన్‌వే నుంచి తూర్పుకు టేకాఫ్‌లు మామూలు కావాలంటే టాక్సీవేలు (విమానాలు రన్‌వే దాకా వెళ్లే దారులు) కట్టాలి, వాటికి ప్లానింగ్ అనుమతి కావాలి. అందుకే తూర్పు గాలి రోజుల్లో దిగేవన్నీ దాదాపుగా విండ్సర్, డాచెట్ వైపు నుంచి ఉత్తరపు రన్‌వే మీదికే. ఆ ఊళ్లలో ఇల్లు చూసేవాళ్లు తూర్పు గాలి ఉన్న రోజే వెళ్లి చూడండి.

రాత్రి పదకొండున్నర నుంచి ఉదయం ఆరు దాకా ఏడాదికి 5,800 విమానాలకే అనుమతి, వేసవి సీజన్‌లో 3,250, చలికాలంలో 2,550. మోతను బట్టి ఒక్కో విమానానికి పాయింట్లు కూడా ఉంటాయి, వాటి మొత్తానికీ పరిమితి ఉంది; మూడు డెసిబెల్స్ పెరిగితే పాయింట్లు రెట్టింపు. రెండంతస్తుల పెద్ద విమానం ఏ380 దిగేటప్పుడు అర పాయింట్, ఎగిరేటప్పుడు రెండు. అయినా తెల్లవారుజామున నాలుగున్నర దాటాక ఆసియా నుంచి వచ్చే విమానాలు మొదలవుతాయి. ఆరు నుంచి ఏడు దాకా రెండు రన్‌వేల మీదా దించొచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తుంటే వాళ్లకు వెనక గది, అదీ డబుల్ గ్లేజింగ్ (కిటికీకి రెండు పొరల అద్దం) ఉన్నది ఇవ్వండి.

కంప్లైంట్ ఎవరికి ఇవ్వాలన్న దగ్గర చాలామంది తికమకపడతారు. కౌన్సిల్‌కు ఫోన్ చేసి లాభం లేదు. పక్కింటి పార్టీ గోల మీద కౌన్సిల్ చర్య తీసుకునే 1990 నాటి చట్టం విమానాల మోతను మినహాయించింది. 1982 సివిల్ ఏవియేషన్ చట్టం సెక్షన్ 76 ప్రకారం, తగిన ఎత్తులో నిబంధనల మేరకు ఎగిరే విమానం మీద న్యూసెన్స్ కేసూ వేయలేం. రాత్రి విమానాల మీద ఇక్కడివాళ్లు యూరోపియన్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్తే, 2003లో ప్రైవసీ హక్కు భంగం కాలేదని తీర్పొచ్చింది. హీత్రో మోత నిబంధనలు పెట్టేది రవాణా శాఖ. రోజువారీ ఫిర్యాదు మాత్రం ఎయిర్‌పోర్ట్‌కే రాయాలి.

"గోల భరించలేకపోతున్నాం" అని రాస్తే మామూలు జవాబే వస్తుంది. ప్రశ్న అడగండి. ఏ విమానం ఎప్పుడు ఎటు వెళ్లిందో చూపే హీత్రో వాళ్ల వెబ్‌ట్రాక్ సైట్ తెరిచి, తేదీ, నిమిషంతో సహా సమయం, విమానం నంబర్, ఎత్తు రాసుకుని ఇలా పంపండి: "షెడ్యూల్ ప్రకారం ఈ సమయంలో దక్షిణపు రన్‌వే మీద దించకూడదు. దీన్ని ఎందుకు దించారు?" విమానాలు బాగా ఆలస్యమైనప్పుడు గంటకు ఆరు దాకా అలా దించే వెసులుబాటు ఉంది. అదే కారణమైతే అదే చెప్తారు. టేకాఫ్‌కైతే డెసిబెల్ పరిమితులున్నాయి: పగలు 94, రాత్రి పదకొండున్నర నుంచి ఆరు దాకా 87. దాటితే జరిమానా పడుతుంది, ఆ డబ్బు స్థానిక సేవా కార్యక్రమాలకు వెళ్తుంది.

ఏజెంట్ ఏదైనా నాయిస్ మ్యాప్ చూపిస్తే తొందరపడి నమ్మకండి. అది జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా, రోజుకు పదహారు గంటలకు తీసిన సగటు. ఖాళీగా ఉన్న పూట కూడా అందులో కలిసిపోతుంది. 65 డెసిబెల్స్ దాటిన విమానాలు రోజుకు ఎన్నో చూపే మ్యాప్‌లు వేరే ఉంటాయి, అవి వెతకండి.

ఇంట్లో కిటికీ ఫ్రేమ్ పైనుండే చిన్న గాలి కంతలు, వాడని చిమ్నీ ముందు చూడండి, మోత లోపలికి దూరేది ఎక్కువగా అక్కడినుంచే. ఉన్న కిటికీకి లోపల పది సెంటీమీటర్లు వదిలి ఇంకో అద్దం వేయిస్తే మామూలు డబుల్ గ్లేజింగ్ కంటే బాగా ఆగుతుంది. సౌండ్ ఇన్సులేషన్‌కు హీత్రో ఇచ్చే సాయం మీ ఇంటికి వర్తిస్తుందేమో పోస్ట్‌కోడ్‌తో చూడండి. అద్దెకుంటే ఓనర్‌ను కదిలించాలి.

మూడో రన్‌వేకు 2025 జనవరిలో ప్రభుత్వం మళ్లీ మద్దతు ప్రకటించింది. అది వస్తే ఇప్పుడున్న సగం రోజు విరామం తగ్గుతుంది. ప్రజాభిప్రాయం అడిగినప్పుడల్లా రాయండి, వీసా మీద ఉన్నవాళ్లు కూడా రాయొచ్చు. మీ పోస్ట్‌కోడ్, ఇంట్లో ఎవరెవరు ఏ వేళల్లో పడుకుంటారు, మీకు విరామం ఏ గంటల్లో కావాలి, ఈ మూడూ తప్పకుండా పెట్టండి.