ఖాళీ బ్యాగు భుజాన వేసుకుని చూసి కొనకండి

మన నెల్లూరు వైపు పెంచలకోన జలపాతం దారిలోనో, ఉదయగిరి దుర్గం దిగుతూనో ఎవరో జారిపడ్డారన్న వార్త వచ్చినప్పుడల్లా తప్పంతా నాచు మీదికి పోతుంది, లేకుంటే చెప్పుల మీదికి. పడిన మనిషి వీపున ఏముందో ఎవరూ అడగరు. దిగుడులో వదులుగా ఊగే బ్యాగు చేసే పని చిన్నది కాదు. పాదం రాతి మీద ఆనేలోపే బరువు పక్కకు లాగుతుంది, ఆ ఒక్క ఊపు చాలు.

కార్తీక పౌర్ణమికి భైరవకోనతో మొదలుపెట్టి, ఈశాన్య వానలు వెనక్కి తగ్గాక ఫిబ్రవరి దాకా మన వెలిగొండ కొండల్లో నడిచేవాళ్ళు ఎక్కువ. మొదటిసారి బ్యాగు కొనేవాళ్ళూ ఈ రోజుల్లోనే ఎక్కువ. ఒంటరిగా వెళ్ళొద్దు, టార్చి మరవొద్దు లాంటివి అందరూ చెప్పేవే. ఇక్కడ బ్యాగు సంగతి మాత్రమే.

అసలు తప్పు

షాపులో బ్యాగు నిండా కాగితపు ఉండలుంటాయి. అలాగే భుజాన తగిలించుకుని, అద్దంలో చూసుకుని, ఎన్ని లీటర్లు పట్టే బ్యాగో అడిగి, బేరమాడి తెచ్చేసుకుంటారు. ఖాళీ బ్యాగు ఎవరి వీపుకైనా బాగానే ఉంటుంది. ఏడు కిలోలు పడ్డాకే దాని గుణం బయటపడుతుంది. అప్పటికి మీరు కొండ మధ్యలో ఉంటారు.

అందుకే షాపుకు వెళ్ళేటప్పుడు ఐదు కిలోల బియ్యం సంచి ఒకటి, లీటరు నీళ్ళ సీసాలు రెండు తీసుకెళ్ళండి. మొలగొలుకులా, సోనామసూరా అన్నది మీ ఇష్టం. షాపువాళ్ళు నవ్వితే నవ్వనీండి. బియ్యాన్ని వీపుకు ఆనేలా నడిమి ఎత్తులో పెట్టి, చుట్టూ తువ్వాలు కుక్కి, పట్టీలన్నీ వదులు చేసి వేసుకోండి. ముందు నడుం బెల్టు బిగించాలి. బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల పైఅంచు మీద కూర్చోవాలి. తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజం మీంచి బ్యాగు పైభాగానికి వెళ్ళే చిన్న పట్టీలు ఉంటే అవి, చివర ఛాతీ క్లిప్పు. ఈ వరస మార్చకండి. భుజాలు ముందు బిగిస్తే నడుం బెల్టు పైకి లేచిపోతుంది, ఇక అది అలంకారానికే.

ఇప్పుడు భుజం పట్టీలు కాస్త వదలండి. బ్యాగు కిందికి జారిందంటే నడుం బెల్టు బరువు మొయ్యడం లేదు, వద్దు. పట్టీకీ భుజానికీ మధ్య అరచెయ్యి దూరకపోతే భుజాలే మోస్తున్నాయి, అదీ వద్దు. సరిగ్గా కుదిరిన బ్యాగులో బరువులో ముప్పాతిక వంతు తుంటి మీద ఉంటుంది. పావుగంట అలాగే తిరగండి. మేడమెట్లు ఎక్కండి, ముఖ్యంగా దిగండి. ఎక్కేటప్పుడు మంచిగా ఉండి దిగేటప్పుడు ఊగే బ్యాగులు చాలానే ఉంటాయి.

భుజాల మీద మోస్తే ఏమవుతుందని అడుగుతారు. పట్టీ కింద నరాలు నలిగి వేళ్ళు తిమ్మిరెక్కొచ్చు. మెడ ముందుకు వంగుతుంది, చూపు పాదాల మీదే ఉంటుంది. తిమ్మిరెక్కిన చేత్తో రాయి పట్టుకోవడమెట్లా?

కొలత

మీ ఎత్తు కాదు, వీపు పొడవు లెక్క. తల వంచితే మెడ వెనక పొడుచుకొచ్చే ఎముక నుంచి, రెండు తుంటి ఎముకల పైఅంచులను కలిపే గీత దాకా టైలరు టేపుతో కొలిపించుకోండి. చాలా కంపెనీల్లో సుమారు 45 నుంచి 50 సెంటీమీటర్ల మధ్య మీడియం, అంతకు తక్కువైతే స్మాల్. ఆరడుగుల మనిషికీ, అతని కంటే పొట్టి మనిషికీ ఒకే మీడియం సరిపోవడం వింతేమీ కాదు. ఆడవాళ్ళలో వీపు పొడవు తక్కువ ఉన్నవాళ్ళు ఎక్కువ, వాళ్ళకోసం పట్టీలు వంపుగా కుట్టినవి విడిగా దొరుకుతాయి.

లీటర్లు, డబ్బులు

పొద్దున పోయి సాయంత్రం వచ్చేదానికి 25 నుంచి 30 లీటర్లు. ఒక రాత్రి ఉండేట్టయితే 40 నుంచి 50. ఇంకా పెద్దది కొంటే దాన్ని నింపేదాకా మనసు ఊరుకోదు. ఒంటి బరువులో పదో వంతు పగటి నడకకు, ఐదో వంతు రాత్రి బసకు హద్దు. 60 కిలోల మనిషికి 6, 12 అన్నమాట. మన ఎండకు మనిషికి మూడు లీటర్ల నీళ్ళు కనీసం, అంటే మూడు కిలోలు ముందే పోయాయి. ఉదయగిరి దుర్గం పట్టుకోవడానికి కృష్ణదేవరాయలకే ఏడాదిన్నర పట్టింది, 1514 దాకా. మీరేమో కొత్త బ్యాగుతో 15 కిలోలు మోసి ఒక్క పూటలో ఎక్కుతామంటే ఏందబ్బా?

సుమారు 1,500 నుంచి 3,000 రూపాయల మధ్య మంచి పగటి బ్యాగు వస్తుంది. పెద్దది కావాలంటే ఇంకో రెండు మూడు వేలు పెట్టాలి. 30 లీటర్లు దాటితే వీపు వైపు ప్లాస్టిక్ పలకో, అల్యూమినియం కడ్డీలో ఉండి తీరాలి. లేకపోతే బెల్టు ఎంత మందంగా ఉన్నా బరువు తుంటికి దిగదు. ఛార్జింగ్ రంధ్రానికి, పది జేబులకు, ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటకు డబ్బు పెట్టకండి. బెల్టుకు, బకిళ్ళకు, కుట్టుకు పెట్టండి. ఏడాదికి ఒక్కసారే వెళ్ళేట్టయితే అద్దెకు తెచ్చుకోవడం మేలు. అయితే అద్దె బ్యాగుకూ బియ్యం పరీక్ష తప్పదు.

చూడాల్సినవి, చెయ్యకూడనివి

భుజం పట్టీ బ్యాగులోకి దిగే చోట ఒకే గీత కుట్టుంటే వదిలెయ్యండి. అడ్డంగా దట్టంగా కుట్టిన గుర్తుండాలి. రెండు చేతులా గట్టిగా లాగి చూడండి, దారం పళ్ళికిలిస్తే అయిపోయినట్టే.

జిప్పు నిండు బ్యాగు మీద, మూల తిరిగే చోట పదిసార్లు లాగండి. రన్నర్ పోయేది అక్కడే.

లోపల తిరగేసి గోటితో గీకండి. మన సముద్రపుగాలి తేమకు పాత స్టాకులో లోపలి పూత జిగటబారి పొరలుగా ఊడుతుంది. పుల్లటి వాసన వస్తే ఎంత తగ్గించినా వద్దు.

రెయిన్ కవరును నమ్మి బట్టలు పెట్టకండి. వీపు వైపు అది కప్పదు, వాన మెడ మీంచి లోపలికి దిగుతుంది. లోపల మందపు పాలిథిన్ సంచి వెయ్యండి. హేచరీల్లో రొయ్యపిల్లల్ని నింపే కవరు, కొత్తది, ఇందుకు బంగారం.

బరువైనవి వీపుకు ఆనించి. తేలికవి అడుగున, బయటి వైపున. బయట ఏమీ వేలాడదీయకండి, చెప్పులు కూడా.

చేతిలో ఇంకో కవరు పట్టుకోకండి. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి.

కాలేజీ బ్యాగు వద్దు. దానికి నడుం బెల్టే లేదు.

నడుం బెల్టు స్థానంలో సన్నటి తాడు లాంటి పట్టీ ఉంటే అది ఊగకుండా ఆపుతుంది, మొయ్యదు. షాపువాళ్ళు మోస్తుందంటారు.

విడి బకిల్ ఒకటి, మూడడుగుల నైలాన్ తాడు జేబులో ఉంచండి.

ఛాతీ క్లిప్పులో విజిల్ ఉందేమో చూసుకుని ఒకసారి ఊదండి.

ఉధృతంగా పారే వాగు దాటకండి. చిన్న పాయ దాటేటప్పుడు నడుం బెల్టు, ఛాతీ క్లిప్పు రెండూ విప్పండి. పడితే బ్యాగు వదిలించుకోవాలి, అది మిమ్మల్ని ముంచకూడదు. అవతలి ఒడ్డున మళ్ళీ బిగించండి.

ఆన్‌లైన్‌లో కొన్నారా? ట్యాగు తెంపకండి. బియ్యం నింపి ఇంట్లోనే అరగంట, మెట్లతో సహా. ఖాళీగా వేసుకుని బాగుందనుకుంటే రిటర్న్ గడువు దాటాక తెలుస్తుంది.

కొత్త బ్యాగుతో నేరుగా కొండకు పోకండి. ముందు ఊళ్ళోనే రెండు మూడు సార్లు, నిండు బరువుతో.

తిరిగొచ్చాక వాషింగ్ మెషీన్‌లో వెయ్యకండి. తడిగుడ్డతో తుడిచి, జిప్పులన్నీ తెరిచి నీడన ఆరెయ్యండి. పాలిథిన్‌లో చుట్టి అటక మీద పడెయ్యకండి, వచ్చే ఏడాదికి లోపలి పూత జిగురై ఉంటుంది.