డీ డ్రైవ్‌లో ఇంకో ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ ఉందా? డిలీట్ కొట్టే ముందు ఇవి చూడండి

విండోస్ ఉండేది సీ డ్రైవ్‌లో. కానీ డీ తెరిస్తే అక్కడా ఒక ప్రోగ్రామ్ ఫైల్స్, పక్కనే ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్86, కొందరికైతే విండోస్, యూజర్స్ ఫోల్డర్లు కూడా ఉంటాయి. డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత కనిపిస్తుంటే చెయ్యి నేరుగా డిలీట్ మీదకే పోతుంది. ఆగండి, ఆ ఫోల్డర్ అక్కడికి ఎలా వచ్చిందో ముందు తేలాలి.

ఎక్స్86 అని ఉన్నది డూప్లికేట్ కాదు. 64 బిట్ విండోస్‌లో 64 బిట్ ప్రోగ్రాములు ఒకదాంట్లోకి, 32 బిట్‌వి రెండోదాంట్లోకి వెళ్తాయి. సీలో ఉన్న ఆ రెండింటి జోలికీ పోవద్దు.

ఇక డీ సంగతి. మన వైజాగ్‌లో ఎక్కువగా జరిగేది ఏంటంటే, సిస్టమ్ స్లో అయిందని ద్వారకానగర్‌లో ఏదో షాపుకి తీసుకెళ్లి ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగంగా పనిచేసే డిస్క్) వేయిస్తాం, వాళ్లు దాంట్లో కొత్తగా విండోస్ ఎక్కించి, పాత హార్డ్‌డిస్క్‌ని అలాగే తగిలించి "మీ పాత డేటా అంతా డీలో ఉంది సార్" అని చేతిలో పెడతారు. పాత విండోస్ మొత్తం అందులోనే ఉండిపోతుంది. ఆ ప్రోగ్రాముల రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులన్నీ రాసుకునే చిట్టా) ఎంట్రీలు పాత విండోస్‌తోనే పోయాయి కాబట్టి వాటిలో చాలావరకు ఇక పనికిరావు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే. డీలో విండోస్, యూజర్స్ కూడా కనిపించి, లోపలి ఫైళ్ల తేదీలన్నీ ఎస్ఎస్‌డీ వేయించక ముందువే అయితే మీదీ ఇదే కేసు.

విండోస్‌యాప్స్, డబ్ల్యూపీసిస్టమ్ అనే ఫోల్డర్లు కనిపిస్తే మాత్రం కథ వేరు. స్టోరేజ్ సెట్టింగ్స్‌లో కొత్త యాప్స్ డీలో సేవ్ అవ్వాలని ఎవరో మార్చారన్నమాట. అవి బతికున్న యాప్స్, వాటిని సెట్టింగ్స్‌లోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ నుంచే సీకి మూవ్ చెయ్యాలి, లేదా అన్‌ఇన్‌స్టాల్ చెయ్యాలి. గేములు, పెద్ద సాఫ్ట్‌వేర్లు మీరే డీలో వేసుకుని ఉంటే వాటికీ అంతే, ఫోల్డర్ చెరిపేయడం అన్‌ఇన్‌స్టాల్ కాదు.

అనుమానంగా ఉంటే డెస్క్‌టాప్ షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో టార్గెట్ చూడండి, డీతో మొదలైతే ఆ ప్రోగ్రామ్ అక్కడినుంచే నడుస్తోంది. టాస్క్ మేనేజర్‌లో కూడా ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే చెప్పేస్తుంది. ఫోల్డర్ ఐకాన్ మీద చిన్న బాణం గుర్తుంటే అది అసలు ఫోల్డర్ కాకపోవచ్చు, సీలోదానికి లింకు అయ్యుండొచ్చు. అలాంటిదాని లోపలికెళ్లి ఫైళ్లు చెరిపితే అసలువే పోతాయి.

అసలు టెన్షన్ డేటాతోనే. పాత సాఫ్ట్‌వేర్లు చాలావాటికి ఫైళ్లని తమ ఫోల్డర్‌లోనే దాచుకునే అలవాటు. ట్యాలీ వాడినవాళ్లు డేటా అనే ఫోల్డర్ కోసం వెతకండి, దాంట్లో 10000, 10001 లాంటి నంబర్లతో ఉండే ఒక్కో ఫోల్డరూ ఒక్కో కంపెనీ లెక్కలు. ఇంకో దొంగ చోటు కూడా ఉంది. విస్టా వెర్షన్ నుంచి విండోస్ ఏం చేస్తుందంటే, పాత 32 బిట్ ప్రోగ్రాములు ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోతే అడ్డుకుని ఆ ఫైళ్లని యూజర్స్‌లో మీ పేరు, యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్ దారిలో పడేస్తుంది. గాజువాకలో మా బావ డీటీపీ షాపు సిస్టమ్‌లో, పేజ్‌మేకర్‌లో చేసిన పెళ్లి కార్డుల డిజైన్లు సగం అక్కడే దొరికాయి. ఆయనేమో "పోయాయిలేరా" అని ఎప్పుడో వదిలేశాడు! యాప్‌డేటా దాగి ఉంటుంది, వ్యూ మెనూలో హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తేనే కనిపిస్తుంది.

కావాల్సినవి బయటి డిస్క్‌కి కాపీ అయ్యాక, ఫోల్డర్ పేరు చివర పాత అని చేర్చి రీనేమ్ చెయ్యండి. వాడకంలో ఉంది కుదరదు అంటే, లోపల ఏదో నడుస్తోందని అర్థం. రీనేమ్ అయితే రీస్టార్ట్ చేసి, వారం రోజులు ప్రింటర్, స్కానర్‌తో సహా రోజూ చేసే పనులన్నీ చేసి చూడండి. ఏదైనా మొరాయిస్తే పాత పేరు తిరిగి పెట్టేస్తే సరి.

డిలీట్ చేసేటప్పుడు ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ (విండోస్ తన ఫైళ్లకి కాపలా పెట్టుకునే సొంత ఖాతా) పర్మిషన్ కావాలని అడ్డం పడుతుంది. ప్రాపర్టీస్, సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ఓనర్‌గా మీ పేరు పెట్టుకుని, లోపలి ఫోల్డర్లకీ వర్తించేలా టిక్ పెట్టి, ఆ తర్వాత ఫుల్ కంట్రోల్ ఇచ్చుకుంటే పోతుంది. ఈ పని డీలోని పాత ఫోల్డర్ల మీదే, సీ మీద ఎప్పుడూ వద్దు. నన్నడిగితే ఇంత తంటా కన్నా, డేటా అంతా బయటికి తీసి డీని ఫార్మాట్ చేసుకోవడమే హాయి.

పాత డిస్క్‌నే పీకేద్దాం అనుకుంటే మాత్రం ముందు డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ (విండోస్‌ని మొదలుపెట్టే బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) ఏ డిస్క్‌లో ఉందో చూడండి. కొత్త విండోస్ ఎక్కించేటప్పుడు పాత డిస్క్ కూడా తగిలించే ఉంటే బూట్ ఫైళ్లు పాతదాంట్లోనే పడే అవకాశం ఉంది, అప్పుడు అది తీసేస్తే సిస్టమ్ ఆన్ అవుతుంది గానీ విండోస్ రాదు. ఈసారి డీలో ఏదైనా ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్ అనే పేరు వద్దు, యాప్స్ అనో గేమ్స్ అనో వేరే ఫోల్డర్ పెట్టుకోండి.