ఐరన్ సిరప్‌తో పళ్లు నల్లబడితే

ఆశా వర్కర్ ఇచ్చే ఐరన్ సిరప్ తాగిస్తే పిల్లల ముందు పళ్ల మీద నల్లటి చార పడుతుంది. నల్లగొండ వైపైతే చూడగానే ఫ్లోరైడ్ గార అనేస్తారు.

స్పూన్‌తో పోయొద్దు. 1 ఎంఎల్ డ్రాపర్‌లోకి తీసి, చెంప లోపలి వైపు, దవడ పళ్ల దగ్గర మెల్లగా వదలండి. నేరుగా గొంతులోకి చిమ్మితే పొలమారుతుంది. వెంటనే నాలుగు గుక్కల నీళ్లు. పాలు, చాయ్ ఇస్తే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. తర్వాత బ్రష్: మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆపైన బఠానీ గింజంత పేస్టు చాలు. పడ్డ చార డెంటిస్ట్ క్లీనింగ్‌తో పోతుంది. దానికోసం మందు మానేయొద్దు.

ఆరేడేళ్లకు వచ్చే కొత్త పళ్ల మీద, రెండు వైపులా జతగా సుద్ద గీతలో గోధుమ మచ్చలో ఉంటే మాత్రం ఈ క్లీనింగ్ పనిచేయదు. ఫ్లోరైడ్ మచ్చ పంటిలోనే ఉంటుంది. బొగ్గు, ఇటుక పొడితో రుద్దితే పన్నే అరుగుతుంది. బోరు నీళ్లు మరిగించినా ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. తాగడానికే కాదు, పప్పు ఉడకేయడానికీ మిషన్ భగీరథ నల్లా నీళ్లే పట్టండి. నల్ల మచ్చలో గుంట కనిపిస్తే అది పిప్పి పన్ను, ఆలస్యం చేయకుండా చూపించండి.