నది ఒడ్డున గుడారం: అమెరికా స్టేట్ పార్కుల్లో కుటుంబంతో రాత్రి బస

పగటి పూట స్టేట్ పార్కులో కుటుంబంతో గడపడానికి పెద్ద నేర్పేమీ అక్కర్లేదు. క్యాంపింగ్ కుదిరిందా లేదా అన్నది రాత్రి రెండు గంటల వేళ తేలుతుంది. వీపు కిందికి నేల చలి ఎక్కుతున్నప్పుడు, గుడారం మూలలో నీరు ఊరుతున్నప్పుడు, పిల్లవాడు చీకట్లో టాయిలెట్‌కు వెళ్లాలని లేచినప్పుడు మన ఏర్పాట్లు ఎంతవరకు సరిపోయాయో తెలుస్తుంది. అందువల్ల సైటు ఎంపిక నుంచి పడక వరకు ప్రతి నిర్ణయాన్నీ రాత్రిని దృష్టిలో ఉంచుకునే తీసుకోవాలి.

స్టేట్ పార్కులను ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే నిర్వహిస్తుంది కాబట్టి రిజర్వేషన్ పద్ధతి అంతటా ఒకేలా ఉండదు. సాధారణంగా కాలిఫోర్నియాలో 6 నెలల ముందు నుంచి, టెక్సస్‌లో 5 నెలల ముందు నుంచి సైట్లు బుక్ చేసుకోవచ్చు. ఆనకట్టలు, జలాశయాల పనులు చూసే సైన్య విభాగమైన ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ జలాశయాల వెంట, నదుల వెంట నడిపే క్యాంప్‌గ్రౌండ్లు ఫెడరల్ ప్రభుత్వానివి. వాటిని రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో వెతకాలి. స్టేట్ పార్కులో చోటు దొరక్క నిరాశపడేవారిలో చాలామందికి వీటి సంగతి తట్టదు. వేసవిలో శుక్ర, శనివారాలు ముందుగా నిండిపోతాయి కనుక సెలవు పెట్టగలిగితే వారం మధ్యలో వెళ్లడం మేలు. చాలా పార్కుల్లో ఒక సైటుకు 8 మందిని మించి అనుమతించరు. రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటే పక్కపక్కన రెండు సైట్లు తీసుకోవాలి. రాత్రి 10 తర్వాత నిశ్శబ్దం పాటించాలన్న నియమం దాదాపు ప్రతిచోటా ఉంటుంది.

మ్యాపులో సైటు ఎంచుకునేటప్పుడు ఆర్‌వీలు (లోపలే పడుకుని, వండుకునే వీలున్న పెద్ద వాహనాలు) ఆగే వరుసకు దూరంగా, గుడారాలకు కేటాయించిన వరుసలో చూసుకుంటే జనరేటర్ల మోత తప్పుతుంది. చిన్నపిల్లలున్నవారికి టాయిలెట్లు పిలిస్తే పలికేంత దూరంలో ఉండాలి, అయితే మరీ పక్కనే ఉంటే రాత్రంతా తలుపుల చప్పుడు, దీపాల వెలుగు నిద్ర పట్టనివ్వవు. ఫోటోల్లో అందంగా కనిపించే సైటు సాధారణంగా నీటికి అతి దగ్గరగా ఉన్నదే. నా మటుకు నేను దాన్ని వదిలేసి, ఒడ్డుకు కొంత పైన ఎత్తుగా ఉన్న సైటునే తీసుకుంటాను. చల్లగాలి పల్లంలోకి దిగి నిలుస్తుంది, మంచు అక్కడే ఎక్కువ పడుతుంది, దోమలూ అక్కడే.

అంతకన్నా పెద్ద కారణం వరద. 2010 జూన్ 11 తెల్లవారుజామున అర్కాన్సాలోని ఆల్బర్ట్ పైక్ క్యాంప్‌గ్రౌండ్‌ను లిటిల్ మిసోరీ నది ముంచెత్తి 20 మంది ప్రాణాలు తీసింది. 2025 జూలై 4న టెక్సస్‌లోని గ్వాడలూప్ నది కూడా తెల్లవారకముందే ఉప్పొంగి, వందమందికి పైగా మరణించారు. రెండు చోట్లా జనం నిద్రలో ఉన్న వేళ, కొండ ప్రాంతంలో కురిసిన వాన ఇరుకైన లోయలోకి ఒక్కసారిగా చేరింది. మనమున్న చోట చుక్క పడకపోయినా ఎగువన కురిసిన వాన మన దగ్గరికి వస్తుందన్న మాట మరువకూడదు.

కాబట్టి సైటుకు చేరగానే సామాను దించకముందు ఒకసారి ఒడ్డు వెంట నడిచి చూడాలి. చెట్ల కొమ్మల్లో ఎండుగడ్డి, చెత్త చిక్కుకుని ఉన్న ఎత్తే పాత వరద వచ్చి వెళ్లిన ఎత్తు. చీకట్లో కాలినడకన పిల్లలతో సహా ఎటువైపు ఎత్తుకు ఎక్కగలమో వెలుగున్నప్పుడే నడిచి తెలుసుకోవాలి. లోయల్లో ఫోన్ సిగ్నల్ అందకపోవచ్చు కాబట్టి ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో నడిచే నోవా (NOAA) వెదర్ రేడియో ఒకటి కొనుక్కుని, హెచ్చరిక వచ్చినప్పుడు దానంతటదే మోగేలా పెట్టి పడుకోవాలి. నీరు బురదరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా గుడారం విప్పే పని పెట్టుకోకుండా మనుషులు వెంటనే పైకి ఎక్కాలి. దారి మీద పారుతున్న నీటిలోకి కారు దింపకూడదు. 6 అంగుళాల వేగపు నీరు మనిషిని పడదోస్తుంది, 12 అంగుళాలు చిన్న కారును లాక్కుపోతుంది. ఆనకట్ట దిగువనున్న క్యాంప్‌గ్రౌండ్లలో సైరన్ మోగిందంటే నీళ్లు వదులుతున్నారని అర్థం. అప్పుడు ఇసుక మేటల మీద ఆడుకునే పిల్లలను వెంటనే గట్టెక్కించాలి. ఈత వచ్చినా రాకపోయినా నదిలో దిగే పిల్లలకు కోస్ట్ గార్డ్ ఆమోదించిన లైఫ్ జాకెట్ వేయాలి. గాలి నింపిన చేతి పట్టీలు దానికి బదులు కావు.

గుడారం విషయంలో పెట్టె మీది అంకెను నమ్మకూడదు. ఆరుగురికని రాసినది నలుగురికీ వారి సంచులకూ సరిపోతుంది. కొత్తదాన్ని ఇంటి పెరట్లో ఒకసారి వేసి, గొట్టంతో నీళ్లు పోసి, ఎక్కడ కారుతుందో చూడాలి. సైటులో పైన ఎండుకొమ్మలు లేని, కొద్దిపాటి వాలున్న నేల ఎంచుకుని, తలవైపు ఎత్తు ఉండేలా పరుపులు వేయాలి. కింద పరిచే పట్టా గుడారం అంచుల కన్నా లోపలికే ఉండాలి. మొదటిసారి మేము పట్టా పెద్దదైతే మంచిదనుకుని నలువైపులా బయటికి వదిలాము. వాన నీరంతా దాని మీద పడి నేరుగా మా వీపుల కిందికి చేరింది. మేకుల తల గుడారానికి అవతలివైపు వాలి ఉండేలా కొట్టాలి, వాన ఆపే పై గుడ్డ అయిన రెయిన్‌ఫ్లై ఎక్కడా లోపలి గుడ్డకు తగలకుండా బిగించాలి. చలిగా ఉందని గాలి కంతలన్నీ మూసేస్తే మన ఊపిరిలోని తేమే తెల్లారేసరికి చుక్కలై మీద పడుతుంది.

చలి పై నుంచి కన్నా కింది నుంచి ఎక్కువగా పట్టుకుంటుంది. మామూలు గాలి పరుపు మెత్తగా ఉన్నా లోపలి గాలి చల్లబడి ఒంటి వేడిని లాగేస్తుంది; ఆర్-విలువ రాసి ఉన్న ప్యాడ్ కొనడం మంచిది, ఆ అంకె ఎంత పెద్దదైతే అంత వెచ్చన. స్లీపింగ్ బ్యాగ్ మీది ఉష్ణోగ్రత తరచుగా ఓర్చుకోగల హద్దే కాని హాయిగా నిద్రపట్టేది కాదు కాబట్టి, అంచనా వేసిన దానికన్నా మరో 10 డిగ్రీల ఫారన్‌హీట్ ఎక్కువ చలిని తట్టుకునేది తీసుకోవాలి. పడుకునేటప్పుడు వేసుకునే బట్టలు, మేజోళ్లు విడిగా ఒక సంచిలో పొడిగా ఉంచాలి. ఎంత చలైనా స్టవ్వునో బొగ్గుల కుంపటినో గుడారంలోకి తేకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే చంపుతుంది.

కట్టెలు ఇంటి నుంచి తీసుకెళ్లకండి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు కట్టెలతో పాటు రాష్ట్రాలు దాటి కోట్లాది యాష్ చెట్లను చంపింది. పార్కు దగ్గర అమ్మే కట్టెలే కొనాలి. బయలుదేరే ముందు అక్కడ మంటల మీద నిషేధం ఉందేమో చూసుకోవాలి. పడుకునే ముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, బూడిద పైన చేతి వెనుకభాగాన్ని ఉంచి చూసినప్పుడు వేడి తగలకపోతేనే నిప్పు ఆరినట్టు. తిండితో పాటు టూత్‌పేస్టు, లోషన్లు, చెత్త కూడా గుడారంలో ఉండకూడదు. ఎలుగుబంట్లున్న చోట పార్కు ఇచ్చే ఇనుప పెట్టెలో, లేనిచోట తాళం వేసిన కారులో పెట్టాలి. రాత్రి పూట తిండి కోసం తిరిగే రకూన్లు అనే చిన్న జంతువులు కూలర్ మూతను సులువుగానే తీస్తాయి. మాంసం, పాలు 40 డిగ్రీల ఫారన్‌హీట్ లోపు ఉండాలి కనుక ముక్కల ఐస్ కన్నా నెమ్మదిగా కరిగే దిమ్మ ఐస్ వాడాలి.

ఉరుము వినపడితే గుడారం రక్షణ ఇవ్వదు. అందరూ కారులో కూర్చుని, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. తగిలితే ఒంటి మీద దురద, బొబ్బలు వచ్చే మూడేసి ఆకుల పాయిజన్ ఐవీ మొక్కను పిల్లలకు చూపించి పెట్టాలి, రోజూ పడుకునే ముందు మోకాళ్ల వెనుక, చెవుల వెనుక రక్తం పీల్చే టిక్‌లను (చిన్న పురుగులను) వెతకాలి.

చివరి రోజు గుడారాన్ని తడిగానే చుట్టాల్సి వస్తుంది, ఉదయపు మంచులో అది మామూలే. ఇంటికి చేరిన రోజే దాన్ని విప్పి, పూర్తిగా ఆరేదాకా పరచాలి. రెండు మూడు రోజులు తడిగా సంచిలో ఉంటే బూజు పడుతుంది, ఆ వాసన తర్వాత ఎంత కడిగినా పోదు.